నేల ఇంకా వెచ్చబడలేదు

ఊరి జనమంతా క్యాబేజీ పొలాల్లో ఉన్న మధ్యాహ్నం. ఊరి హాలులో, ఊరిపెద్ద కూర్చునే చిన్న గది.

"అలా తోస్తే రాదు వదినా. కొంచెం పైకెత్తి జరపాలి. ఆఁ, అలా! తొందరగా లోపలికి రా, చలి కూడా నీతోనే వచ్చేస్తోంది."

"బోమీ, ఇది మీ నాన్నగారి గది కదా? మనం కూర్చోవచ్చునా?"

"తాళం నాన్నే ఇచ్చాడు. మీ ఇంట్లో చదువుకుందామంటే పెద్దమ్మ ఎప్పుడు ఊడిపడుతుందో తెలీదు. మా ఇంట్లో అయితే నానమ్మ ప్రతి మాటకీ అడ్డం వస్తుంది. ఇక్కడైతే మన మాట పురుగుకి కూడా వినపడదు. కూచో."

"నేల చాలా చల్లగా ఉన్నది."

"ఇప్పుడే వేస్తా. నాన్న ఏం చెప్పాడూ... గోడకి రెండు స్విచ్చిలుంటాయి, ఎడమవైపుది వేస్తే నేల వెచ్చబడుతుందన్నాడు. ఎడమే అన్నాడా? ఎడమే. ఇదిగో, ఎర్ర దీపం వెలిగింది. చూస్తూ ఉండు, కాసేపట్లో పెనం మీద కూచున్నట్టుంటుంది."

"పుస్తకం ఎక్కడ పెట్టను?"

"బల్ల మీద. మైకుకి ఆనించు, నిలబడుతుంది. సరే, చదువు. పదకొండో పాఠం."

"'క్షమించండి. విమానాశ్రయానికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగునో దయచేసి తెలియజేయగలరా?'"

"ఎంత బాగా చదివావో! ఇంక మర్చిపో."

"మర్చిపోవాలా?"

"మన ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డ్రైవరు మా అమ్మకి పిన్ని కొడుకు. నువ్వు చెయ్యెత్తకపోయినా ఆపుతాడు. ఎత్తితే, ఎందుకెత్తావమ్మా, చెయ్యి నొప్పా అని అడుగుతాడు."

"కానీ ఈ పుస్తకం పేరే 'నిత్యజీవితంలో కొరియన్ సంభాషణ'."

"ఎవరి నిత్యజీవితమో మరి! మనది కాదు. మన ఊరి సంభాషణ నేను చెప్తా, విను. మొన్న బస్సు దగ్గర కొట్టు తాతయ్య 'ఎక్కడికమ్మా' అంటే నువ్వేం చెప్పావ్?"

"ఆసుపత్రికి అన్నాను. ఎనిమిదో నెల అన్నాను. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, ఇంకా మలబద్ధకం..."

"అయ్యో వదినా! ఆ తాతయ్య ఇంకా కోలుకోలేదు. మనల్ని చూస్తే చాలు, కొట్లోకి పోయి డబ్బాలు సర్దుకుంటున్నాడు."

"ఆయనే కదా అడిగారు?"

"ఆయన అడిగింది ఎక్కడికని కాదు. నిన్ను చూశాను, పలకరించాను అని. 'ఆఁ, అలా వెళ్ళొస్తానండీ' అంటే సరిపోయేది."

"ఎక్కడికో చెప్పకుండానా?"

"అసలు ఎక్కడికో చెప్పకూడదు! ఇంకోటి. నాట్ల పాక దగ్గర ఆడవాళ్ళు 'కల ఏం వచ్చిందమ్మా' అంటే?"

"నిజమే చెప్పాను. బస్సు తప్పిపోయినట్టు కల వచ్చిందన్నాను."

"బిడ్డ కల వదినా! కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరికో ఒకరికి పులో, పందో, పెద్ద గుమ్మడికాయో కలలోకి వస్తుంది. దాన్నిబట్టి బిడ్డ ఎలాంటిదో చెప్తారు. ఇప్పుడు వాళ్ళందరూ నీకు పుట్టేది బస్సు డ్రైవరని తేల్చేశారు."

"మంచి ఉద్యోగమే కదా?"

"మంచిదే. బస్సు తప్పిపోయే డ్రైవరు! సరే, ఇంకోటి. మిల్లు ఇంటి బామ్మ గిన్నె నిండా కిమ్చీ పచ్చడి తెచ్చింది. నువ్వేమంటావు?"

"'చాలా ధన్యవాదాలు. ఎంతో రుచిగా ఉన్నది.'"

"మూత తియ్యకుండానే? ముందు 'ఇంతెందుకు తెచ్చారండీ, మీకు లేకుండా' అని గిన్నె వెనక్కి తొయ్యాలి. ఆవిడ ఇటు తోస్తుంది. నువ్వు అటు తొయ్యాలి. గుమ్మంలో కాసేపు గిన్నెతో కుస్తీ పట్టాక, ఇంక తప్పదన్నట్టు తీసుకోవాలి."

"నిజంగానే నాకు వద్దు బోమీ. ఆవిడ కిమ్చీ ఉప్పు."

"ఉప్పా? సముద్రం! ఊరందరికీ తెలుసు. మా అమ్మ దాన్ని కడిగి కడిగి పులుసులో వేస్తుంది. మీ పక్కింటి అత్త అయితే పందులకి పెడితే అవి కూడా నీళ్ళు తాగాయట. కానీ ఆవిడతో ఎవరూ అనరు. పోయేదాకా అనరు కూడా."

"టెలిఫోను మోగుతున్నది."

"మోగనీ."

"మీ నాన్నగారి కోసమేమో."

"నాన్న చేలో ఉన్నాడు. ఇది ఊరి ఫోను."

"అయితే తియ్యి."

"ఎవరో తెలియకుండా ఎలా తీస్తాం?"

"తీస్తే తెలుస్తుంది."

"తెలిశాక ఏం మాట్లాడాలి?"

"బోమీ! ఏడో పాఠం ఫోను సంభాషణ. నువ్వే నేర్పావు నాకు. నవ్వుతూ పలకాలి, నవ్వు గొంతులో వినపడుతుంది అన్నావు."

"నేర్పడం వేరు, తియ్యడం వేరు."

"వేయించిన కోడి కావాలంటే మీ ఇంట్లో ఎవరు ఫోను చేస్తారు?"

"తమ్ముడు."

"వాడు చదివేది?"

"...రెండో తరగతి."

"టీచరుగారూ!"

"నవ్వకు వదినా. ముఖం కనపడని మనిషితో నాకు మాట రాదు. గొంతు ఇక్కడ అడ్డంగా పడుకుంటుంది. క్లాసులో పేరు పిలిస్తే 'ఆఁ' అనడానికే చెమట పడుతుంది. నీతో అయితే వస్తుంది, ఎందుకో."

"నేను తప్పులు మాట్లాడతాను కాబట్టి."

"అదేం కాదు. ...కొంచెం అదే. చూశావా, ఆగిపోయింది. ఓపిక పడితే ఏ ఫోనైనా ఆగిపోతుంది."

"నేల ఇంకా వెచ్చబడలేదు."

"పాతకాలం నేల కదా, నిదానం. పన్నెండో పాఠం తియ్యి. 'హోటల్లో గది'."

"బోమీ, ఆగు. పుస్తకం మూసెయ్యి. నేను హోటలు కోసం రాలేదు. ఈ పుస్తకంలో అత్తయ్య పాఠం లేదు."

"పెద్దమ్మ పాఠమా? పెద్దమ్మతో రోజూ మాట్లాడుతూనే ఉన్నావుగా."

"రోజూ అత్తయ్యే మాట్లాడతారు. నేను 'సరే' అంటాను. ఇప్పుడు నేను అడగాలి."

"ఏమని?"

"పురుడుకి మా అమ్మ రావాలి. వియత్నాం నుంచి."

"పెద్దమ్మ తనే చూసుకుంటానని ఊరంతా చెప్పుకుంటోంది కదా. మొన్న ఆడవాళ్ళ గుంపులో కూడా చెప్పింది, మా కోడలు కాలు కింద పెట్టనివ్వను అని."

"అందుకే నిద్ర పట్టడం లేదు. మా అమ్మని పిలుస్తానంటే, నేను చాలనా అని అంటారు. అడగకపోతే మా అమ్మ రాదు. వీసాకి రోజులు పడతాయి. ఇవాళా రేపట్లో అడగకపోతే బిడ్డ ముందు వస్తుంది, అమ్మ వెనక వస్తుంది."

"అన్నయ్య చేత అడిగించరాదూ?"

"అడిగాను. 'అమ్మతో నువ్వే మాట్లాడు' అని ట్రాక్టరు ఎక్కేశారు. మీ అన్నయ్య ట్రాక్టరు మీద పులి. వాళ్ళమ్మ ముందు ఉడికిన సేమ్యా."

"ఉడికిన సేమ్యానా! ఇది ఏ పుస్తకంలో నేర్చుకున్నావ్?"

"అత్తయ్య దగ్గర. మామయ్యని అంటారు."

"అబ్బ, నవ్వలేక చస్తున్నా. ఉండు, కళ్ళు తుడుచుకోనీ."

"బోమీ, ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది, విన్నావా?"

"పలారం వేళేమో."

"ఎవరో గట్టిగా నవ్వుతున్నారు కూడా. చాలామంది."

"బియ్యం కల్లు బాగున్నట్టుంది ఇవాళ. సరే, లే. నేను పెద్దమ్మని, నువ్వు నువ్వే. గొంతు సవరించుకోనీ. ఉహూఁ, ఉహూఁ. 'ఏమే! వాకిట్లో క్యాబేజీలు చలికి బిగుసుకుపోతుంటే ఇక్కడేం వెలగబెడుతున్నావే!'"

"అమ్మో! అచ్చం అత్తయ్యే! నా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి!"

"కూచో, నేనే. గొంతులో కప్ప దూరినట్టు మాట్లాడితే పెద్దమ్మ గొంతు వచ్చేస్తుంది. ఊఁ, అడుగు."

"'అత్తయ్యగారూ. పురుడు నిమిత్తము మా తల్లిగారిని ఆహ్వానించుటకు దయచేసి అనుమతించగలరా?'"

"'ఇదేమన్నా పోస్టాఫీసుటే?'"

"బోమీ!"

"నేను కాదు, పెద్దమ్మ అంటుంది. అలా తిన్నగా వెళ్ళి అడిగితే ఎలా? ముందు మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగు. తర్వాత క్యాబేజీ ధర ఎలా ఉందని. కాసేపు వాళ్ళనీ వీళ్ళనీ తిట్టనివ్వు. అప్పుడు లేచి, వెళ్ళిపోతూ, గుమ్మంలో గుర్తొచ్చినట్టు చెప్పాలి, అసలు మాట."

"అంత చుట్టూ తిరగడం ఎందుకు?"

"పెద్ద మాట తెచ్చి ఎదురుగా పెడితే ఎదురుగానే వద్దనాలి కదా. పక్కన పెట్టామనుకో, పక్కనుంచి ఒప్పుకోవచ్చు. మళ్ళీ మొదలుపెట్టు."

"'అత్తయ్యా, మోకాలి నొప్పి ఎలా ఉంది?'"

"'ఉంటే ఉంది, పోతే పోయింది. నువ్వేమన్నా వైద్యుడివా?'"

"'క్యాబేజీ ధర ఎలా ఉంది?'"

"'దొంగవెధవలు! లారీవాడు చూశావా, ఆకు చూస్తాడు, వేరు చూస్తాడు, నా మొహం చూసి ధర చెప్తాడు!'"

"'అత్తయ్యా, అన్నట్టు... పురుడుకి మా అమ్మని పిలవనా?'"

"'వద్దు.'"

"'సరే అత్తయ్యా.'"

"సరే ఏంటి! అప్పుడే సరే అంటావేంటి వదినా!"

"వద్దన్నారు కదా!"

"మొదటి వద్దు లెక్కలోకి రాదు. అది గిన్నె వెనక్కి తొయ్యడం. రెండోసారి 'వద్దంటే వద్దు' అంటుంది. అదీ లెక్క కాదు. మూడోసారి 'నీ ఇష్టం' అని మొహం అటు తిప్పుకుంటుంది. అక్కడ టక్కున ఆగిపో. ఇంకొక్క మాట మాట్లాడకు. సరే అన్నట్టే."

"కోపంతో అన్నట్టు కాదా?"

"కోపంగానే అంటుంది. నువ్వటు వెళ్ళగానే మీ అమ్మ కోసం పరుపు దులుపుతుంది."

"మూడోసారి కూడా వద్దంటే?"

"...అప్పుడు నిజంగా వద్దు."

"అందుకే అడగలేను. అడగకపోతే ఇంకా మూడు మిగిలే ఉంటాయి."

"ఇదేం లెక్క వదినా! నువ్వు ముందే భయపడితే ఎలా?"

"నీకు తెలియదు. నాకు అత్తయ్య మీద కోపం లేదు. నిరుడు ముల్లంగి కోస్తూ వేలు తెగింది నాకు, గుర్తుందా? అప్పుడు నా నోట్లోంచి ఒక్క కొరియన్ మాట రాలేదు బోమీ. ఒక్కటీ రాలేదు! నేర్చుకున్నదంతా రక్తంతో పాటే కారిపోయింది. మా భాషలో ఏడుస్తూ కూచున్నా. అత్తయ్య నా చుట్టూ తిరుగుతూ 'ఎక్కడే, ఎక్కడే, ఏమంటున్నావే' అని అరుస్తున్నారు. వేలు నాది తెగింది, వణుకు ఆవిడకి పుట్టింది. వేలుకే అలా అయితే పురిట్లో ఎలా? పక్కన ఒక్కరైనా నా ఏడుపు అర్థమయ్యేవాళ్ళు ఉండాలి. అత్తయ్య చాలరని కాదు. అత్తయ్య ఈ చెయ్యి పట్టుకోవాలి, మా అమ్మ ఈ చెయ్యి పట్టుకోవాలి. అంతే నేను అడిగేది."

"వదినా... ఒక్క తప్పు లేదు."

"దేంట్లో?"

"ఇప్పుడు మాట్లాడినదాంట్లో. ఇదే చెప్పు పెద్దమ్మకి. మోకాలూ వద్దు, క్యాబేజీ వద్దు. ఇదే."

"ఇది చెప్పలేను. ఇది నీకు మాత్రమే."

"అయితే నేనూ నీకు ఒకటి చెప్తా. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది పెద్దమ్మ. నువ్వూ ఎవరికీ చెప్పకు."

"ఎవరికి చెప్తాను? ఎక్కడికమ్మా అంటే అలా వెళ్ళొస్తానండీ అంటాను."

"మొన్న సంతకి నన్ను తోడు తీసుకెళ్ళింది. సముద్రపు నాచు కొంది. నీ పురిటి సూపుకి."

"నేను ఇంట్లో చూడలేదే?"

"మా అటక మీద ఉంది. ముందే చూపిస్తే మంచిది కాదట. పురిటి నాచు మడవకూడదు, విరవకూడదు. పొడుగ్గా అలాగే ఉంచాలి. దాని మీద బేరం కూడా ఆడకూడదు, బిడ్డ ఆయుష్షుతో బేరమాడినట్టంటారు."

"అత్తయ్య బేరమాడలేదా!"

"అదే చెప్తున్నా! పెద్దమ్మ అల్లంత దూరంలో కనపడితే ఎండుచేపలవాడు గొడుగు మూసి టీకి వెళ్ళిపోతాడు. అలాంటిది నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి, పళ్ళు పటపటా అన్నాయి, ఒక్క మాట అనలేదు. బస్సులో ఎవరో సీటిస్తానంటే 'కూచుంటే విరుగుతుంది' అంది. ఆ పొడుగాటి కట్టని జెండాలా నిలువుగా పట్టుకుని, ఆ మోకాలితోనే, ఇంటిదాకా నిలబడి వచ్చింది. వదినా? ఏడుస్తున్నావా? ఏడవకు. చూడు, పుస్తకం తడిసిపోతోంది. హోటల్లో గది మొత్తం తడిసిపోయింది."

"ఇంక నేను ఎలా అడగను బోమీ? అంత చేశాక, మా అమ్మ కూడా కావాలని ఏ నోటితో అడగను?"

"ఈ నోటితోనే. ...మళ్ళీ ఫోను. పాడు ఫోను!"

"ఈసారి నేను తీస్తాను."

"ఆగిపోయింది. వదినా, బయట ఏంటి ఇంత నిశ్శబ్దంగా ఉంది? కుక్కలు కూడా అరవట్లేదు."

"ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. తలుపు!"

"తోయకండి! పైకెత్తి జరపాలి!"

"నాకు చెప్తావుటే? ఈ తలుపు పెట్టించిందే మీ పెదనాన్న!"

"పెద్దమ్మా!"

"అత్తయ్యా! చేతిలో కత్తి!"

"క్యాబేజీ కత్తి. పారేసి రావడం మర్చిపోయా. అబ్బా, ఊపిరాడట్లేదు. జరగవే."

"అ... అత్తయ్యా. మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"ఇదిగో, మొదలెట్టింది! క్యాబేజీ ధర కూడా అడుగు."

"అత్తయ్యా?"

"ఏమే బోమీ. నా గొంతులో కప్ప దూరిందిటే?"

"పె... పెద్దమ్మా, ఎప్పట్నుంచి తలుపు బయట ఉన్నావు?"

"తలుపు బయట ఎందుకుంటాను? కొండకింద చేలో ఉన్నా, అందరితో పాటు. వంగి వంగి పని చేస్తున్నా, నెత్తి మీద స్తంభానికున్న లౌడుస్పీకరు గొట్టంలోంచి నీ కూతలు! నేల వెచ్చబడాలంటే కుడివైపుది వెయ్యాలే పిల్లా. ఎడమవైపుది మీ నాన్న ఊరికి చాటింపు వేసే మైకు."

"మైకా! ఊరంతా విన్నారా!"

"ఈ హాలు మీద గొట్టం గాలివానకి ఊడిపోయింది కాబట్టి మీ చెవిన పడలేదు. చేలో ఉన్నది మాత్రం గంటలా పలికింది. ఒక్కడు ఒక్క క్యాబేజీ కోస్తే ఒట్టు! అందరూ గట్టు మీద వరసగా కూచున్నారు. మీ నాన్న ఫోను చేస్తే తీశారు కాదు."

"ఆ ఫోను నాన్నదా!"

"రెండోది. మొదటిది మిల్లు ఇంటి బామ్మది. నీతో కాదుట, మీ అమ్మతో మాట్లాడుతుందిట."

"నేనింక బయటికి రాను. ఈ గదిలోనే ఉండిపోతా. అన్నం ఆ తలుపు సందులోంచి పెట్టండి."

"అత్తయ్యా, ఆయన... ఉడికిన సేమ్యా..."

"వాడు ట్రాక్టరు కింద దూరాడు. ఏదో చెడిపోయిందట. మీ మామయ్య రెండో వైపునుంచి దూరాడు."

"ఆర్పేస్తా పెద్దమ్మా, ఇప్పుడే ఆర్పేస్తా..."

"తియ్యి చెయ్యి! ఇంతసేపూ పని మానుకుని విన్నవాళ్ళని మధ్యలో లేపేస్తావా? ఉండనీ. ఆ పుస్తకం తియ్యి, మైకుకి అడ్డం. ఊఁ. ఇప్పుడు అడగవే అమ్మాయ్."

"ఇక్కడా? అందరూ వింటుంటే?"

"నాచు సంగతి అందరూ వినలేదూ? రేపట్నుంచి ఎండుచేపలవాడు నన్ను లక్ష్యపెడతాడా? నా పరువు ఎలాగూ గాలికి పోయింది. అడుగు."

"అత్తయ్యా. పురుడుకి మా అమ్మని పిలవనా?"

"వద్దు."

"...అత్తయ్యా. ఈ చెయ్యి మీది. ఈ చెయ్యి మా అమ్మది."

"వద్దంటే వద్దు. ఇద్దరం చెరోవైపు లాగితే పిల్ల ఏమవుతుంది? ...ఏమే, ఆగిపోయావేం? బోమీ నేర్పింది ఇంతవరకేనా?"

"మూడోది ఒక్కటే మిగిలింది అత్తయ్యా. భయంగా ఉంది."

"వదినా, అడుగు! గిన్నె తొయ్యి!"

"నువ్వు నోరు ముయ్యవే. దాన్ని అడగనీ."

"అత్తయ్యా... మా అమ్మని పిలవనా?"

"బోమీ, ముందు ఆ కుడివైపుది వెయ్యవే, పిల్ల కాళ్ళు మంచుగడ్డలయ్యాయి. ...నీ ఇష్టం. ఇంక నువ్వేం అడక్కు, నేనే నిన్ను ఒకటి అడగాలి. మీ భాషలో 'ఎక్కడే నొప్పి' అనడానికి ఏమంటారే?"